వంటగట్టుకు ఏ రాయి వేయించాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇంటి వంటగదిని బాగుచేయించుకునే వారికి మొదట ఎదురయ్యే సందేహం గట్టు మీద ఏ రాయి పరవాలన్నది. దుకాణంలో వరుసగా నిలబెట్టిన పలకలన్నీ నీళ్లు చల్లి చూపించినప్పుడు ఒకేలా మెరుస్తాయి కనుక, చాలామంది రంగు చూసి, బేరమాడి, బండి ఎక్కించేస్తారు. కింది జవాబులు కొత్త ఇల్లు కట్టేవారికి కాక, ఉన్న గట్టును తక్కువ ఖర్చులో మార్చుకోవాలనుకునే వారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారిపోతాయి కనుక ధరలు ఇవ్వలేదు. డబ్బు ఎక్కడ ఆదా అవుతుందో, ఎక్కడ తెలియకుండా జారిపోతుందో మాత్రం వివరంగా ఉంది.

తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం నిలిచేది ఒక్కటే చెప్పమంటే ఏది?

18 నుంచి 20 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు నల్ల గ్రానైటు గాని, గోధుమ రంగు గ్రానైటు గాని. మన వంటలో చింతపండు పులుసు, నిమ్మరసం, పసుపు, మరిగిన నూనె, పొయ్యి మీద నుంచి దించిన కుక్కరు, అల్లం వెల్లుల్లి దంచే చిన్నరోలు అన్నీ రోజూ గట్టు మీదికే వస్తాయి. వీటన్నిటినీ ఏళ్ల తరబడి ఓర్చుకుంటూ, చదరపు అడుగు ధర కూడా అందుబాటులో ఉండే రాయి మన ప్రాంతంలో ఇదే. దీనికంటే చౌకైనవి ఉన్నాయి, అందమైనవీ ఉన్నాయి. కానీ రెండు గుణాలూ కలిసినవి తక్కువ.

గ్రానైటు ఖరీదైన రాయి కదా, చౌక అంటారేమిటి?

గనులు మన ముంగిట్లోనే ఉండటం వల్ల. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే బ్లాక్ గెలాక్సీ రాయి దేశదేశాలకు ఎగుమతి అవుతుంది. కరీంనగర్ ప్రాంతపు ట్యాన్ బ్రౌన్‌కూ అంతే పేరుంది. ఖమ్మంలో గ్రానైటు కోసి పాలిష్ పట్టే యూనిట్లు అనేకం ఉన్నాయి. వేరే రాష్ట్రాల నుంచి రావలసిన పాలరాయికి లారీ కిరాయి ధరలో కలుస్తుంది; మన గ్రానైటుకు ఆ భారం తక్కువ.

అయితే పేరున్న రాయే చౌక అనుకోకూడదు. బంగారు చుక్కల గెలాక్సీకి ఎగుమతి గిరాకీ ఉన్నందున దాని ధర మామూలు నలుపు కంటే బాగా ఎక్కువగానే ఉంటుంది. శాస్త్ర పరిభాషలో అది గ్రానైటు కూడా కాదు, గాబ్రో జాతి రాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. గట్టు మీద చుక్కలు లేని నలుపు కూడా అంతే పని చేస్తుంది కనుక, డబ్బు దగ్గర ఆలోచించేవారు చుక్కలకు ఖర్చు పెట్టనక్కరలేదు.

కడప బండ, తాండూరు నాపరాయి ఇంకా చౌక. అవి వేయించుకోకూడదా?

వేయించుకోవచ్చు, మన పెద్దల వంటిళ్లన్నీ వాటి మీదే నడిచాయి. కడప బండ, బేతంచెర్ల బండ, తాండూరు నాపరాయి, కర్ణాటక నుంచి వచ్చే షాబాదు బండ, ఇవన్నీ సున్నపురాయి జాతివి. ఆ జాతి రాళ్లకు పులుపు గిట్టదు. నిమ్మచెక్క పిండి అక్కడే వదిలేస్తే, తెల్లారేసరికి దాని అడుగున గుండ్రంగా మెరుపు పోయిన మచ్చ మిగులుతుంది. అది మరక కాదు, రాయి పైపొర కరిగిపోవడం. కనుక ఏ సబ్బుతో తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించవలసిందే. మా అమ్మగారి వంటింట్లో కడప బండ మీద చింతపండు నానబెట్టే గిన్నె పెట్టే చోటు ఈనాటికీ చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది, అక్కడ రాయి గరుకుగా ఉంటుంది.

నా ఉద్దేశంలో ఈ బండలకు సరైన చోటు గట్టు పైభాగం కాదు, గట్టు అడుగు. పైన గ్రానైటు, దాన్ని మోసే నిలువు పలకలకూ అడ్డ పలకలకూ కడప బండ, ఇదే మన మేస్త్రులు ఎన్నాళ్లుగానో వాడుతున్న పద్ధతి. గిన్నెలు తోమే పెరటి గట్టుకూ, సామాను గది అరలకూ కూడా ఈ బండ నిశ్చింతగా వాడవచ్చు.

తెల్ల పాలరాయి?

వంటగట్టుకు వద్దు. పాలరాయి కూడా పులుపుకు కరిగేదే. పైగా కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద 3 దగ్గర ఉంటుంది, వంటింటి కత్తి 5 దాటుతుంది; అంకె ఎక్కువున్నది తక్కువున్నదాన్ని గీరుతుంది. తెలుపు మీద పసుపు పడ్డాక జరిగేది చెప్పనక్కరలేదు. పూజగదికి పాలరాయి అందం.

ఇప్పుడు అందరూ క్వార్ట్జ్ అంటున్నారు. అది మంచిది కాదా?

మంచిదే, కానీ తక్కువ ఖర్చు జాబితాలోకి రాదు. క్వార్ట్జ్ పలక గనిలో తవ్వి తీసిన రాయి కాదు. బరువులో సుమారు 90 శాతం స్ఫటిక రాతి పొడిని, మిగతాది రెసిన్ అనే జిగురును కలిపి కర్మాగారంలో అచ్చుపోసినది. రంధ్రాలు దాదాపు ఉండవు కనుక నీళ్లూ నూనే లోపలికి ఇంకవు, సీలరు (రాతి రంధ్రాలను మూసే పూత) పూయనక్కరలేదు, పలకకూ పలకకూ రంగు తేడా రాదు.

దాని బలహీనత ఆ రెసిన్‌లోనే ఉంది. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే రెసిన్ రంగు మారుతుంది, ఒక్కోసారి బీట కూడా పడుతుంది. పూరీలు వేగే నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక, పొయ్యి మీద నుంచి దించిన బాణలిని తిన్నగా క్వార్ట్జ్ మీద పెట్టడం తగదు. ప్రతిసారీ కింద చెక్కో గుడ్డో వేసే అలవాటు ఇంట్లో అందరికీ ఉంటే సరే. ఎండకు కూడా ఇది పసుపు తిరుగుతుంది కనుక, నేరుగా ఎండ పడే బాల్కనీ గట్టుకు పనికిరాదు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఈ పలకలను నీళ్లు పోయకుండా కోసినప్పుడు లేచే సన్నని సిలికా దుమ్ము పనివారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. ఆ కారణంగానే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇటువంటి కృత్రిమ రాతి పలకల వాడకాన్ని నిషేధించింది. గ్రానైటులో సిలికా తక్కువే అయినా ఉంటుంది. కనుక ఏ రాయి అయినా కోత పని నీళ్లు పోస్తూ, వీలైతే ఇంటి బయట చేయించాలి. ముక్కుకు మాస్కు మీరే కొని ఇచ్చినా పెద్ద ఖర్చు కాదు.

టైల్స్ వేయిస్తే ఇంకా చౌక కదా?

చౌకే. విట్రిఫైడ్ టైలు నీటిని 0.5 శాతానికి మించి పీల్చదు, పులుపుకు చెక్కుచెదరదు, వేడికి భయపడదు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న టైలు గట్టు వెడల్పుకు దాదాపు సరిపోతుంది కనుక అతుకులు కూడా పెద్దగా రావు. చిక్కంతా రెండు చోట్ల ఉంది. ఒకటి అతుకుల్లో నింపే గ్రౌటు: మామూలు సిమెంటు గ్రౌటు మూడు నెలల్లో పసుపూ జిడ్డూ పట్టి నల్లబడుతుంది, అందుకు ఎపాక్సీ గ్రౌటు వాడాలి, అది ఖరీదు. రెండోది ముందు అంచు: చాలా టైళ్లలో రంగు, డిజైను పైపొరలోనే ఉంటాయి కనుక, కుక్కరు తగిలి పెచ్చు ఊడిందంటే లోపలి మట్టిరంగు బయటపడుతుంది. అంచుకు రెండున్నర అంగుళాల గ్రానైటు పట్టీ వేసి మధ్యలో టైలు పరిపించడం మంచి ఉపాయం, కానీ ఆ పని ఓపికగా చేసే మేస్త్రి దొరకాలి.

గుజరాత్‌లోని మోర్బీ నుంచి గట్టుల కోసమే 15 మిల్లీమీటర్ల మందంతో, లోపలంతా ఒకే రంగుతో పొడవాటి పలకలు వస్తున్నాయి. వాటికి పెచ్చు భయం తక్కువ, అయితే కోయడానికి వేరే యంత్రం, చెయ్యి తిరిగిన పనివాడు కావాలి. ఆ కూలీ కలిపితే మామూలు గ్రానైటును దాటిపోతుంది.

స్టీలు, చెక్క, ప్లైవుడ్ మీద సన్మైకా?

స్టీలు హోటళ్లకు సరి. ఇంట్లో గీతలు, సొట్టలు, గిన్నె పెట్టినప్పుడల్లా చప్పుడు. చెక్క, సన్మైకా రెండూ సింకు పక్కన తడికి ఉబ్బుతాయి.

ఎంత రాయి కావాలో ఎలా లెక్కించాలి?

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఎల్ ఆకారపు గట్టును తీసుకుందాం: ఒక గోడ వెంట 10 అడుగులు, పక్క గోడ వెంట 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు. టేపు పట్టినవారు పదీ ఆరూ పదహారు, పదహారు రెళ్లు ముప్పై రెండు చదరపు అడుగులని చీటీ మీద రాసేస్తారు. కానీ మూలలో ఉన్న రెండడుగుల చదరం రెండు గోడల లెక్కలోనూ పడింది. సరైన లెక్క 10×2, దానికి 4×2 కలిపితే 28 చదరపు అడుగులు. లేని నాలుగు చదరపు అడుగులకు రాయి, పాలిష్, కూలీ అన్నీ కట్టించుకున్నట్టు అవుతుంది.

ముందు అంచుకు చేసే నునుపు పనిని రన్నింగ్ అడుగుల్లో, అంటే పొడవును మాత్రమే కొలిచి, లెక్కిస్తారు. పైన చెప్పిన ఎల్ గట్టులో ముందు అంచు 8 అడుగులు, 4 అడుగులు, మొత్తం 12 మాత్రమే; దీన్ని కూడా 16 అని వేసేవారు ఉంటారు. గోడకు ఆనని చివర ఏదైనా ఉంటే దానికి ఇంకో 2 అడుగులు కలపాలి.

ధర చెప్పినప్పుడు అడుగంటే చదరపు అడుగా, రన్నింగ్ అడుగా అని నోటితో చెప్పించుకుని, చీటీ మీద రాయించుకోవాలి. రెండడుగుల వెడల్పు గట్టులో ఒక రన్నింగ్ అడుగు అంటే రెండు చదరపు అడుగులు. వేర్వేరు దుకాణాల ధరలు పోల్చేటప్పుడు ఈ తేడా మరిచిపోతే చౌకైనది ఖరీదుగా, ఖరీదైనది చౌకగా కనిపిస్తుంది.

వెడల్పు విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కింది ఆధారం 24 అంగుళాలు ఉంటే పైరాయి కనీసం ఒక అంగుళం ముందుకు రావాలి, అప్పుడే ఒలికిన నీళ్లు కింది తలుపుల మీదికి కాక నేలమీద పడతాయి. ఆ ముందుకొచ్చిన భాగం అడుగున సన్నగా ఒక గాడి కోయిస్తే నీటిచుక్క వెనక్కి పాకదు. గోడల వంకరను కూడా లెక్కలో వేసుకుని 26 లేదా 27 అంగుళాల వెడల్పు పలక చూసుకోవాలి; కచ్చితంగా 24 ఉన్న పలకను చవకగా ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

గ్యాంగ్‌సా అని, కట్టర్ అని చెబుతారు. తేడా ఏమిటి?

పెద్ద రాతి దిమ్మను వరుస బ్లేడ్లతో ఒకేసారి కోస్తే వచ్చే వెడల్పాటి పలకలు గ్యాంగ్‌సావి. చిన్న దిమ్మలను గుండ్రటి బ్లేడుతో కోస్తే వచ్చే సన్నపాటి పలకలు కట్టరువి. రాయి అదే, గని అదే అయినా కట్టరు పలక ధర తక్కువ. హాలులో నేలకు వెడల్పు పలక కావాలి గాని, రెండడుగుల వంటగట్టుకు కట్టరు పలక చక్కగా సరిపోతుంది, వృథా కూడా తక్కువ. దుకాణదారు మొదట చూపించేది మాత్రం గ్యాంగ్‌సా పలకలనే.

మిగులు పలకల గురించి కూడా అడిగి చూడాలి. పెద్ద ఆర్డర్లలో మిగిలిన 7, 8 అడుగుల ముక్కలు వెనక గోడకు చేరవేసి ఉంటాయి. చిన్న వంటగదికి అటువంటివి రెండు దొరికితే అదృష్టమే.

రంగు వేసిన రాయి అమ్ముతారని విన్నాం. నిజమేనా?

నిజమే. బూడిదరంగు చౌక రాయికి నల్లరంగు పట్టించి, మెరుపు నూనె రుద్ది, నిఖార్సయిన నలుపు ధరకు అమ్మడం ఉంది. ఈ దెబ్బ నేనూ తిన్నాను. పలకలు దించిన రోజు అద్దంలా ఉన్నాయి. ఆరు నెలలు తిరిగేసరికి రోజూ గుడ్డతో తుడిచే పొయ్యి పక్క భాగం పొగ పట్టినట్టు బూడిదరంగులోకి తిరిగింది, తుడవని మూల మాత్రం నల్లగానే మిగిలింది. అమ్మిన వ్యక్తి సబ్బు మార్చమని సలహా ఇచ్చాడు.

అప్పటి నుంచి రాయి కొనడానికి వెళితే జేబులో తెల్ల గుడ్డముక్క, గోళ్ల రంగు తుడిచే ద్రవం చిన్న సీసా పెట్టుకుని వెళుతున్నాను. గుడ్డ తడిపి పలక మూలన గట్టిగా అర నిమిషం రుద్దితే, రంగు వేసిన రాయి అయితే గుడ్డకు నలుపు అంటుతుంది. పాలిష్ చేసిన ముఖాన్ని, పలక పక్క కోతను పోల్చి చూడడం ఇంకో పద్ధతి: పాలిష్ లేని చోట ఏ రాయి అయినా కాస్త లేతగా కనిపిస్తుంది, కానీ నీళ్లు చల్లగానే అసలు నలుపు నల్లబడుతుంది, దొంగ నలుపు బూడిదగానే ఉండిపోతుంది.

పలకను నిలబెట్టి నాణెంతో అక్కడక్కడా తట్టాలి. ఖంగుమంటే లోపల గట్టిగా ఉన్నట్టు. ఒకచోట మాత్రం మొద్దుగా పలికితే అక్కడ కంటికి కనిపించని బీట ఉండవచ్చు. వెనకవైపు తిప్పించి చూడడం మరిచిపోవద్దు. వెనక వలలాంటి గుడ్డ అంటించి ఉంటే ఆ రాయి పెళుసుది, విరగకుండా వల వేశారని అర్థం. సింకు కోత, పొయ్యి కోత పడే గట్టుకు అటువంటి రాయి వద్దు. చివరగా నాలుగు నీటిచుక్కలు వేసి పది నిమిషాలు ఆగాలి. చుక్కల కింద రాయి ముదురు రంగుకు తిరిగితే అది నీళ్లు తాగే రాయి, రేపు నూనె కూడా తాగుతుంది.

పాత గట్టు పగలగొట్టకుండా దాని మీదే కొత్త రాయి వేయవచ్చా?

పాతది కదలకుండా, కుంగకుండా ఉంటే వేయవచ్చు. పగలగొట్టే కూలీ, చెత్త ఎత్తించే ట్రాక్టరు కిరాయి రెండూ మిగులుతాయి. ముందు పాత గట్టంతా సుత్తి పిడితో తట్టి చూడాలి, డొల్లగా మోగిన చోట పాత పలక లేపి కింద నింపాలి. పాత పాలిష్ మీద సిమెంటు పట్టదు కనుక పైముఖాన్ని గంట్లు పెట్టించి గరుకు చేయించాలి, లేదా టైళ్ల అంటు వాడాలి.

ఎత్తును కూడా చూసుకోవాలి. కొత్త రాయి, దాని కింది మాలు కలిసి గట్టు సుమారు ఒకటిన్నర అంగుళం పెరుగుతుంది. మామూలుగా నేల నుంచి 32 నుంచి 34 అంగుళాల ఎత్తు గట్టు సౌకర్యం. దాని మీద గ్యాస్ పొయ్యి ఎత్తు అదనం. ఇప్పటికే 34 ఉన్న గట్టును పెంచితే, పొడగరి కాని ఇల్లాలు గరిటె తిప్పేటప్పుడు మోచెయ్యి గాలిలోకి లేచి, సాయంత్రానికి భుజం పీకుతుంది. వంట చేసేవారిని నిలబెట్టి, మోచేతికి నాలుగు అంగుళాలు దిగువన గుర్తు పెట్టి ఎత్తు నిర్ణయించడం అన్నిటికంటే మేలు.

కుళాయి, సింకు పైపులు, కరెంటు తీగలు, గ్యాస్ పైపు దారి ఇవన్నీ రాయి పడకముందే ముగియాలి. రాయి వేశాక గుర్తొచ్చిన ప్రతి రంధ్రానికీ మళ్లీ కూలీ, మళ్లీ దుమ్ము.

అతుకు ఎక్కడ రావాలి? సింకు, పొయ్యి కోతల్లో ఏం చూడాలి?

అతుకు సింకు దగ్గర రాకూడదు. నిత్యం నిలిచే తడి అక్కడి నుంచే కిందికి దిగి ఆధారాన్ని తినేస్తుంది. ఎల్ ఆకారంలో మూల దగ్గర అతుకు పెట్టడం మామూలు పద్ధతి. పొయ్యిని గట్టులో దింపే హాబ్ రకం అయితే, కోతకు ముందువైపు కనీసం మూడు అంగుళాల రాయి మిగలాలి, కోత మూలలు లంబకోణంగా కాక కొంచెం గుండ్రంగా ఉండాలి, లేకపోతే ఆ మూల నుంచే బీట మొదలవుతుంది. కింద నిలువు ఆధారాల మధ్య దూరం మూడు అడుగులకు మించకుండా చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు వారు పలక పొడవును లిఫ్టుతో కొలుచుకోవాలి. తొమ్మిదడుగుల పలక లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. 18 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు అడుగుకు సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. ఎనిమిదడుగుల పలక అంటే 70 కిలోల పైమాట. దాన్ని ఎప్పుడూ నిలువుగా, అంచు మీద మోయాలి. పడుకోబెట్టి మోస్తే తన బరువుకు తానే విరుగుతుంది.

అంచుకు ఏ రకం చేయించాలి?

మామూలు సగం గుండ్రం చాలు. ఇంకో పట్టీ అంటించి రెట్టింపు మందంగా కనిపించేలా చేసే అంచుకు రాయి, కూలీ రెండూ అదనం, అతుకులో జిడ్డు చేరడం మరో అదనం.

ముదురు రంగా, లేత రంగా?

లేత రంగు గ్రానైట్లలో చాలావాటికి రంధ్రాలు ఎక్కువ. నూనె మరక ఇంకిపోతుంది కనుక వేయించిన వెంటనే సీలరు పూయించాలి, తర్వాత కూడా మళ్లీ మళ్లీ పూయిస్తూ ఉండాలి. ముదురు రంగుకు ఆ బాధ తక్కువ. కాకపోతే నిఖార్సయిన నలుపు మీద పిండి పొడి, బోరు నీటి తెల్లచారలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. చుక్కల గోధుమ రంగు మీద ఏవీ కనబడవు, చీమల బారుతో సహా. వంటగట్టు నల్లగా ఉండకూడదని వాస్తు పట్టింపు ఉన్నవారు గోధుమ, ఎరుపు, ఆకుపచ్చ ఛాయల్లో ఏది ఎంచుకున్నా రాయి గుణంలో లోటేమీ రాదు. గొడవ పడి నలుపు వేయించుకుని రోజూ మాట పడడం కంటే అది నయం.

మరకలు, శుభ్రం సంగతి?

గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు నీళ్లలో కలిపి తుడిచి, పొడిగుడ్డ వేస్తే చాలు. బాత్‌రూముల్లో వాడే యాసిడ్ గట్టు దరిదాపులకు రాకూడదు. నాపరాయినీ పాలరాయినీ అది కరిగిస్తుంది, స్టీలు సింకుకు గుంతలు పెడుతుంది. గ్రానైటులో ఇంకిన నూనె మరక మీద వంటసోడాను నీళ్లతో ముద్దగా కలిపి పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా ఉంచితే చాలావరకు లాగేస్తుంది. పసుపు మరకకు ఎండ మంచి మందు. కిటికీ వెలుతురు నేరుగా పడే చోటైతే రెండు మూడు రోజుల్లో దానంతట అదే పలచబడుతుంది.

పాత గ్రానైటు గట్టు మెరుపు పోయింది. మార్చాలా?

బీటలు లేకపోతే మార్చనక్కరలేదు. నేలకు పాలిష్ పట్టేవారే చేతి యంత్రంతో గట్టుకు కూడా పాలిష్ పడతారు. ఒక రోజు పని, కొత్త రాయి ఖర్చులో చిన్న భాగం. ఇల్లు బాగుచేయిస్తున్నాం కనుక అన్నీ కొత్తవి కావాలన్న ఊపులో చాలామంది ఈ మాట అడగనే అడగరు, మేస్త్రి తనంతట తాను చెప్పడు.

తప్పనిసరై పాత రాయి తీయించినా, మేస్త్రిని సుత్తితో కాక ఉలితో అంచులు లేపి తీయమని చెప్పాలి. నిండుగా వచ్చిన పలకలు కిటికీ అడుగు పట్టీలకు, స్నానాల గది గడపకు, పెరట్లో గిన్నెలు తోమే గట్టుకు సరిపోతాయి. మా ఇంట్లో ఆ రంగు వెలిసిన పలకే ఇప్పుడు డాబా మీద వడియాల బల్ల.